ఏడో తరగతి ఎడమ చేతులు

ఫిబ్రవరి 9, మధ్యాహ్నం మూడు

ఇది రాయకుండా ఓ కునుకు తీద్దామనే అనుకున్నాను. కానీ పక్కగదిలో రిఫాయీ గురక మొదలుపెట్టాడు. ఆ గురక వింటూ పడుకోవడం కంటే వాణ్ణి తిట్టుకుంటూ కూర్చోవడం ఆరోగ్యానికి మంచిది.

ఇవాళ మా ప్రిన్సిపాల్ ముహన్నా స్టాఫ్‌రూమ్‌కి ఖర్జూరాలు తెప్పించాడు. ఒమాన్‌లో చెడ్డ కబురేదీ ఖర్జూరం లేకుండా చెప్పరు. వచ్చే ఏడాది జాగ్రఫీకి ఈ ఊరి కుర్రాడే వస్తున్నాడట, ఉన్న ఇద్దరిలో ఒకరు ఇంటికెళ్ళాలట. తినండి ఉస్తాద్, తినండి, గింజ తీసినవే అన్నాడు.

ఆ ఇద్దరూ మేమే. నేను, రిఫాయీ. ఇద్దరం ఈజిప్టు వాళ్ళమే. నాది దమన్‌హూర్, వాడిది దక్షిణాన సొహాగ్. ఒకే ఫ్లాట్, ఒకే వంటగది. మాటల్లేవు.

ఫిబ్రవరి 10

మాటలెందుకు లేవంటే, చేప వల్ల. మావైపు వసంతం పండక్కి ఊరబెట్టిన చేప తినాలి. దాని వాసన తెలియని వాడికి కంపు, తెలిసిన వాడికి అమ్మ. మా అమ్మ ఆఖరుసారి తన చేత్తో ఊరబెట్టి పంపిన డబ్బాని రిఫాయీ చెత్తకుండీలో పారేశాడు. ఏదో చచ్చిందనుకున్నా అన్నాడు. నాలుగైదేళ్ళు దాటినా ఇవాళ్టికీ క్షమాపణ లేదు. ఉప్పుకి, చేపకి, నాగరికతకి ఉన్న సంబంధం గురించి కైరో పేవ్‌మెంట్ మీద కొన్న ఒక పుస్తకంలో చాలా చదివాను. నేను నేర్చుకున్నదంతా పేవ్‌మెంట్ మీదే. డిగ్రీ పరీక్ష కోసం చదివింది వేరు, అది మర్చిపోయాను.

ఫిబ్రవరి 12

రిఫాయీ ఉల్లిపాయలు కోస్తూ పాట పాడాడు. నా మీదే.

ఫిబ్రవరి 16

ఎవరు ఉండాలో సూపర్‌వైజర్ ఖల్ఫాన్ తేలుస్తాడట. మార్చిలో వచ్చి చెరో పాఠం చూస్తాడు.

నేను పోలేను. పోవడానికి చోటేదీ? ఏటా వేసవికి ఇంటికెళ్తే మొదటి వారం బాతు కోసి వండుతుంది మా ఆవిడ నెమత్. రెండో వారం పప్పు. మూడో వారం, ఏమండీ, మళ్ళీ ఎప్పుడు ప్రయాణం అంటుంది. తప్పు ఆవిడది కాదు. పాతికేళ్ళుగా నేను ఆ ఇంటికి చుట్టాన్ని. చుట్టం సామాను దింపి, ఇక నేనిక్కడే అంటే ఎవరికి నచ్చుతుంది?

కాబట్టి రిఫాయీ పోవాలి.

ఫిబ్రవరి 23

ఏడు-ఏ సెక్షన్ పిల్లలకి రిహార్సల్ మొదలుపెట్టాను. సూపర్‌వైజర్ వస్తున్నాడంటే ఇక్కడ ప్రతి మేష్టారూ చేసే పనే. ప్రశ్న వెయ్యగానే క్లాసంతా చేతులెత్తాలి, అది చూసి పెద్దమనిషి మురవాలి. జవాబు తెలిసినవాడు కుడి చెయ్యి, తెలియనివాడు ఎడమ చెయ్యి. మనం కుడిచేతి వాణ్ణే లేపుతాం. అంతే కిటుకు.

పాఠం, ఒమాన్ దక్షిణాన సలాలాలో పడే వానలు. ఘైస్ అనే కుర్రాడు గాలుల గురించి వార్తలు చదివినట్టు చెప్పేస్తున్నాడు.

ఏడు-బి రిఫాయీది. గోడవతల వాడూ అదే పాఠం అరిపిస్తున్నాడు. నా పాఠం దొంగిలించాడు!

మార్చి 3

మా మూడో గదిలో తయ్యిబ్ ఉంటాడు, సూడాన్ వాడు, ఇంగ్లీషు చెబుతాడు. మా మధ్య మాటలు అతనే మోస్తాడు. ఇవాళ టీ గ్లాసు పట్టుకొచ్చి, ఉస్తాద్ షుక్రీ, మీ ఊరికి టికెట్ కొనిపెట్టమంటారా అని రిఫాయీ అడగమన్నాడండీ అన్నాడు. వాడి సమాధికి రాయి నేను కొనిపెడతానని చెప్పు అన్నాను. తయ్యిబ్ వెళ్ళి, తిరిగొచ్చి, మంచి పాలరాయి చూడమన్నాడండీ అన్నాడు. ఆ తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టేసి, అయ్యా, నేను టీచర్నా, పోస్ట్‌మాన్‌నా అని విసుక్కున్నాడు.

మార్చి 11

ఇలా అవుతుందని ఏ పేవ్‌మెంట్ పుస్తకమూ చెప్పలేదు.

ఖల్ఫాన్ పొద్దున్నే వచ్చాడు. తెల్లటి పొడుగు దిష్‌దాషా అంగీ, అత్తరు, చిరునవ్వు. వరండాలో మా ఇద్దర్నీ నిలబెట్టి, ఉస్తాద్ షుక్రీ ఏడు-బికి చెప్పండి, ఉస్తాద్ రిఫాయీ ఏడు-ఏకి చెప్పండి, సరదాగా మార్చుకుందాం అన్నాడు. ముందు నన్ను పిలిచాడు.

వెళ్ళాను. ప్రశ్న వేశాను. చేతులన్నీ లేచాయి. కుడిచేతి వాణ్ణి లేపి, సలాలాలో వాన ఎందుకు పడుతుంది నాయనా అన్నాను. దేవుడి దయ అన్నాడు. అది తప్పని సూపర్‌వైజర్ ముందు ఎవడంటాడు? ఇంకో కుడిచెయ్యి. గాలి ఎటునుంచి వస్తుంది? కిటికీలోంచి అన్నాడు. మూడోవాడు అసలు నోరే విప్పలేదు, నన్నే చూస్తూ నిలబడ్డాడు, కుడిచెయ్యి ఎత్తినా లేపావేం అన్నట్టు. తెగించి ఓ ఎడమచేతి వాణ్ణి లేపాను. సముద్రం, గాలి, కొండ, మబ్బు, అన్నీ వరసగా దంచేశాడు. అప్పుడు వెలిగింది. కుడిచేతి కిటుకు సూపర్‌వైజర్లందరికీ తెలుసని రిఫాయీ తిరగేసి నేర్పాడు. వాడి దగ్గర తెలిసినవాడిది ఎడమ చెయ్యి! అంతలో బెల్లు కొట్టారు.

బయటికొస్తుంటే రిఫాయీ లోపలికెళ్తూ ఎదురయ్యాడు. నా ఏడు-ఏలోకి. ఒక్క మాట చాలు. నాది కుడి, అంటే సరిపోయేది. భుజాలు రాసుకునేంత దగ్గరగా నడిచాడు. నేను చెప్పలేదు. చేపల డబ్బా గుర్తొచ్చి కాదు. పోతే ఇద్దరం పోదాం అనిపించింది, అంతే.

తలుపు అద్దంలోంచి చూశాను. వాడు ఎడమచేతుల్ని లేపుతున్నాడు, ఒకడి తర్వాత ఒకడు, అందరూ మొద్దుల్లా నిలబడుతున్నారు. ఘైస్ కుడిచెయ్యి ఎత్తి ఎత్తి బల్లెక్కేలా ఉన్నాడు. వాడివైపు చూడడే! నాకు చాలా హాయిగా ఉంది. ఆ హాయి పీరియడ్ అయ్యేదాకా కూడా నిలవలేదు.

చివర్లో ఖల్ఫాన్ నా చెయ్యి పట్టుకుని, నన్ను గుర్తుపట్టలేదా ఉస్తాద్ అన్నాడు. మీ ఏడో తరగతే, చివరి బల్ల. ఎడమ చెయ్యి ఎత్తీ ఎత్తీ భుజం పడిపోయిందండీ, ఒక్కసారి కూడా లేపలేదు మీరు అన్నాడు. నవ్వుతూనే.

ఏప్రిల్ 20

మళ్ళీ ఖర్జూరాలు. వచ్చేది ఒక కుర్రాడు కాదట, ఇద్దరట.

రిఫాయీ గదిలో పాట లేదు. తయ్యిబ్ మోసుకొచ్చిన మాటా లేదు.

జూన్ 29, మస్కట్ ఎయిర్‌పోర్ట్

బడివాళ్ళు టికెట్లు కలిపి కొన్నారు. పక్కపక్క సీట్లు.

కౌంటర్ దగ్గర నా పెట్టె బరువెక్కువైంది. ఏదైనా తీసేయండి అంకుల్ అంది ఆ పిల్ల. నేల మీద పెట్టె విప్పి, పైజామాలూ మందులూ అందరికీ ప్రదర్శిస్తూ కూర్చున్నాను. వెనక రిఫాయీ. వంగి, నా ఇస్త్రీ పెట్టె లాక్కుని తన పెట్టెలో కుక్కి మూతేశాడు. జరుగు, లైను ఆగిపోయింది అన్నాడు. ఇన్నేళ్ళకి నాతో నేరుగా అన్న మొదటి మాట అది. జరిగాను.

కైరోలో వాడి పెట్టె ముందొచ్చింది. తీసుకుని పోయాడు.

జూలై 9

నెమత్ అలమారలో నాకోసం ఒక అర ఖాళీ చేసింది. ఒక్కటే.

జూలై 24

రిఫాయీకి ఫోన్ చేసి నా ఇస్త్రీ పెట్టె ఏదిరా అన్నాను. ఏ ఇస్త్రీ పెట్టె అన్నాడు.

సొహాగ్‌కి రైలు టికెట్ కొన్నాను.