దీవిలో చెన్నప్ప వీరగల్లు

పోర్ట్ బ్లేయర్,
1959 ఆగస్టు 20

అమ్మ బయమ్మ పాదాలకు పెద్దకొడుకు ఓబుళేసు మొక్కి రాసేది ఏమనగా, ఇక్కడ నేను గుండ్రాయి మాదిరి ఉన్నాను. అక్కడ నువ్వూ, నీ కోడలూ, రెండు ఎనుములూ కుశలమని తలుస్తాను. ఈ జాబు చదివి వినిపించే చౌడప్పకు ఒక మాట: నచ్చని చోట దగ్గి దాటేయవద్దు. గడప బయట చెవులు పెట్టినవాళ్లుంటే వాళ్లనూ లోపలికి పిలువు.

వానలున్నాయా అని అడిగినావు. మన పామిడి మీద పడవలసిన వాననంతా ఈ దీవివాళ్లు దోచుకున్నారు. నెల నుంచి నా పంచె ఆరలేదు. తిండికి అన్నం, చేప. సంగటి కోసం నాలుక పీకుతోంది.

"చెన్నప్ప కనపడితే ముఖాన ఉమ్మి రా" అని రాయించినావు. దానికే జవాబు రాస్తున్నాను. గట్టిగా కూర్చో.

తమ్ముడు చెన్నప్ప లేడమ్మా. యుద్ధం ముగిసే ఏడే పోయినాడు. వానితో కూలికి వచ్చిన గుమ్మఘట్ట హనుమంతప్ప ఇక్కడే ఉండిపోయినాడు. నన్ను పడవ మీద తమ్ముడు పోయిన చోటికి తీసుకుపోయి చెప్పినాడు. తిండి లేక చిక్కి పనికిరానివాళ్లను జపాను సిపాయిలు పడవ ఎక్కించి, ఒడ్డుకు దూరంగా నీళ్లలోకి తోసేసినారట.

"నాకు ఈత రాదన్నా. నీ తమ్ముడు నా జుట్టు పట్టుకొని గట్టుకు ఈడ్చినాడు. ఇంగొకన్నీ తెచ్చినాడు. మళ్లా పోతాంటే, 'వద్దురా, సచ్చిపోతావు' అంటి. 'బాయిలో పడిన బిందెనే ఇడిసిపెట్టలేదు, మనిసిని ఇడిసిపెడతానా?' అని పోయినాడు. అంతే."

నేనూ అక్కడే దూకినాను. మన బావుల్లో మునిగి బిందెలు తీసిన ఊపిరి ఇంకా మిగిలి ఉంది. అడుగున పొదల మాదిరి పగడాలు, పసుపు పూసుకున్నట్టు చేపలు. అంత అందమైన చోటు మీద నాకు ఒళ్లు మండింది. మూడుసార్లు మునిగినాను. ఏమీ దొరకలేదు.

ఊళ్లో యుద్ధంలో పోయినవాళ్ల స్తంభం ఒకటి ఉంది. ఇంగ్లీషులో ఉంటే పేర్లన్నీ చదివించుకున్నాను. మనవాడు లేడు. అక్కడి గుమాస్తా "కూలీల పేర్లు చెక్కరు" అన్నాడు.

"ఏమప్పా, కూలోడు మునిగితే నీళ్లు తడపవా?" అంటిని.

రోడ్డు పనికి తెచ్చిన సుత్తి, ఉలి నా దగ్గరే ఉన్నాయి. మన పొలిమేరలో చిరుతతో తలపడి చచ్చినవానికి నిలబెట్టినారే, అట్లాంటి వీరగల్లే చెక్కినాను. పైన సూర్యుడు, చంద్రుడు. కింద ఒక మనిషిని జుట్టు పట్టి ఈడ్చే చెన్నప్ప. స్తంభం పక్కనే పాతినాను. సోమవారంలోగా పీకేయమని నోటీసు వచ్చింది. మేస్త్రీ నన్ను పనిలోంచి తీసేసినాడు. తీసేయనీ.

ఇక ఇన్నేళ్లు దాచిన మాట. చౌడప్పా, గొంతు పెంచు. తమ్ముడు దీవిలో పెళ్లి చేసుకొని మనల్ని మరిచిపోయినాడని వచ్చిన కబురు నేను పుట్టించినదే. పామిడి సంతలో నలుగురిని నవ్వించడానికి అన్నాను. వాడు తిరిగొచ్చి నన్ను తంతాడులే అనుకున్నాను. ఆ కబురు నాకంటే ముందే ఇల్లు చేరింది. నువ్వు పొయ్యి ముందు కూర్చొని "వాడు నా కడుపున పుట్టలేదు" అన్నావు. ఊరందరి మీదా లేచే నా నోరు ఆ రోజు లేవలేదు. అప్పటి నుంచి పదమూడేళ్లు, మొన్న నువ్వు జాబు రాయించేదాకా, వాని పేరు మన ఇంట్లో వినబడలేదు.

వచ్చే పెద్దల అమావాస్యకు నాయన పంచె పక్కన వానికీ ఒక పంచె పెట్టు. పేరు పిలిచి పెట్టు. ఊరు నవ్వితే, ఆ నవ్వు నేర్పినవాడు ఓబుళేసని చెప్పు. నన్ను గడప తొక్కనిస్తావో లేదో నీ ఇష్టం.

రాయి మాత్రం తీయను. సోమవారం దాని ముందు కూర్చుంటాను. హనుమంతప్ప కూడా పెండ్లాన్నీ, నలుగురు పిల్లలనూ వెంటబెట్టుకొని వస్తానన్నాడు. రాయి పెకలించాలంటే, చెన్నప్ప ఒడ్డుకు చేర్చిన వాళ్లందరినీ ముందు లేపాలి.

ఇట్లు,
నీ అబద్ధాల పెద్దకొడుకు
ఓబుళేసు