రాగం ఎవరు మొదలుపెట్టాలి

కోదాడ,
జూన్ 1989

అక్కా,

నా భార్య సుగుణకు దశదినకర్మ చేయనన్నానని నన్ను రాతిగుండెవాడన్నావు. డబ్బిచ్చి చదివించే మంత్రాలలో దుఃఖం ఎక్కడుంది? ఈ వాదన వదలను. కాని ఆమె పోయినప్పటి నుంచి నాకు ఏడుపు రాలేదన్నది నిజం.

నిన్న మిర్యాలగూడ బస్సులో పక్కన కూర్చున్న భూలి అనే లంబాడీ ఆమెకు ఆ మాటే చెప్పాను. వెంటనే నా భుజం పట్టుకుని రాగం తీసి ఏడ్చింది. చావు జరిగినవాళ్లను పట్టుకుని అలా ఏడవడం వాళ్ల తండాల రివాజు. నేను ఊరుకుంటానా, అడిగేశాను.

“సుగుణను నువ్వెన్నడూ సూడలే, ఎందుకేడుస్తవమ్మా?”

“నీకొస్తలేదంటివి గదన్నా! జర నేను మొదలువెడ్త, నువ్వెన్క రా.”

గరిడేపల్లి దాటేదాకా ఇద్దరం ఏడ్చాం. ఇప్పుడు నిమ్మళంగా ఉన్నాను.

కర్మ మాత్రం చేయను. నువ్వు రా, ఈసారి రాగం నేను మొదలుపెడతాను.

నీ తమ్ముడు