రెండంగుళాలు దించిన సీటు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ రేసు సైకిల్ మీదే డ్యూటీకి పోతున్నాను. సీటు నీ ఎత్తుకే ఉంచాను. పెడల్ సరిగా అందక నడుము అటూ ఇటూ ఊగేది, మోకాళ్లు నొప్పెట్టేవి. అయినా దించలేదు.

ఇవాళ బ్రేకులు చూపించడానికి తిరుపతిలో షాపుకి పోతే, మెకానిక్ నన్ను సైకిలెక్కించి చూసి నవ్వాడు.

“ఎవురి కాళ్లకి పెట్టినావప్పా ఈ సీటు?”

“మాయన్న కాళ్లకి.”

“అట్లయితే ఆయన్నే తొక్కమను, పో!”

వాడి పళ్లు రాలగొట్టాలనిపించింది. వాడికేం తెలుసు? నువ్వు లేవని చెప్పలేదు. “దించు” అన్నాను. మడమ పెడల్‌కి ఆనేదాకా రెండంగుళాలు దించాడు.

అక్కడినుంచి తిరుచానూరు దాకా తొక్కాను. మోకాళ్లు నొప్పెట్టలేదు. దిగాక తెలిసింది, ఆ దారంతా నువ్వు ఒక్కసారి కూడా గుర్తు రాలేదని.