సువార్త బండికి ఫుల్ ఇన్సూరెన్స్

కరుణమ్మా,

నువ్వు ప్రభువు దగ్గరికి వెళ్లి నేటికి ఏడాది. మనం ఊరూరా సువార్త చెబుతూ, వండుకుని పడుకున్న ఆ వ్యానుకి ఈరోజు రావులపాలెంలో ఇన్సూరెన్స్ చేయించాను. “దేవుడున్నాడు, థర్డ్ పార్టీ చాలు” అని ఏటా గర్జించేవాణ్ణి కదా. “దేవుడు కాపాడతాడులే, దేవాలయ శిఖరం మీంచి దూకమని సైతాను అంటే ప్రభువే దూకలేదండి, మీరెందుకు దూకుతారు?” అనేదానివి. వాక్యం నాకే నేర్పుతావా అని కసిరేవాణ్ణి. ఈరోజు ఒప్పుకున్నాను. ఫుల్ కవర్ రాయమన్నాను. లోపలి పొయ్యి గట్టు, మంచం కూడా చేర్చమన్నాను.

“వాటికి బిల్లులున్నాయా అయ్యగారూ?” అన్నాడు ఏజెంటు.

“మా ఆవిడే పాత చెక్కలతో బిగించిందండి.”

“అయితే కవర్లోకి రావండి.”

బయటికొచ్చి మంచం మీద దుమ్ము తుడిచాను. ఇకమీదట బండి నెమ్మదిగా నడుపుతాను.