సాక్షి: ఆగమ్మ, వేలిముద్ర

2026 ఫిబ్రవరి 9

మా ఆశా వర్కర్లకు ట్రైనింగ్. ఫిట్స్ గోలీలు వాడుతున్న ఆడవాళ్ళెవరు, కడుపుతో ఉన్నప్పుడు వాడితే లోపంతో పుట్టిన పిల్లలెవరు, ఇంటింటికీ తిరిగి రాసుకురావాలి. సర్కారు వాళ్ళను పెద్దాసుపత్రిలో చూపిస్తుందట, మందు మారుస్తుందట. గోలీలు సొంతంగా ఆపొద్దని గట్టిగా చెప్పమని ట్రైనింగ్ ఇచ్చే రూపాలి మేడమ్ పదిసార్లు అంది. తర్వాత పెదవి చీలిన పసిపాప ఫొటో వేసింది. అందరూ నా వైపు చూసి చటుక్కున చూపు తిప్పుకున్నారు. నా పై పెదవి మీద కుట్టు ఉంది. నాది గ్రహణం మొర్రి మేడమ్ అన్నాను. ఆమె నవ్వలేదు. మీ అమ్మను అడుగు అంది.

ఫిబ్రవరి 10

అడగలేదు.

ఫిబ్రవరి 12

కామత్‌ఘర్‌లో మా బస్తీలో ఇరవై ఇళ్ళు తిరిగాను. నాకు ఐదో నెల, ఈ గల్లీల మెట్లు ఎక్కలేక చచ్చాను. ప్రతి ఇంట్లో ఒకటే మాట, మా ఇంట్ల గట్లాంటోళ్ళు ఎవ్వలు లేరు అని. ఒకామె గోలీల డబ్బా మీద కొంగు కప్పి మరీ చెప్పింది. ఫిట్స్ ఉన్న మనిషిని సాంచాల దగ్గర, కరెంటు మగ్గాల మీద పనికి ఎవడు రానిస్తాడు? మగ్గం ఆడుతుండగా పడిపోతే అంతే సంగతులు.

నా సంగతి మాత్రం గల్లీ మొత్తానికి తెలుసు. నేను కడుపులో ఉండగా అమ్మ గ్రహణం వేళ దారం కత్తిరించిందని నాయనమ్మ అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది. అమ్మ తల వంచుకుని దారం కండెలు చుట్టుకునేది. దానికి నాయనమ్మ మీద నాకున్న కోపం ఇంతా అంతా కాదు. కాన్పు దాకా పుట్టింట్లో వీళ్ళ దగ్గరే ఉండాలి కాబట్టి నోరు మూసుకుంటున్నాను.

ఫిబ్రవరి 14, మధ్యాహ్నం

అడిగాను. నాయనమ్మ పక్కింటికి పోయినప్పుడు.

అమ్మకు పెళ్ళికి ముందు నుంచే ఫిట్స్ ఉన్నాయట. బాపుకు ఒక్కడికే చెప్పిందట. ఆయన నిజాంపురా మెడికల్ నుంచి గోలీలు తెచ్చి బియ్యం డబ్బాలో దాచేవాడట. నువ్వు గిట్ల పుట్టేసరికి, గోలీల సంగతి అత్తకు ఎరుకైతే నన్ను ఊరికి తోల్తదని, గ్రహణంల దారం కత్తిరించిన అత్తా అని నేనే చెప్పిన బిడ్డా అంది. ఎట్ల జూసినా తప్పు నాదే, గోలీలు మింగింది నేనే గదా అంది.

నీకెవరైనా చెప్పారా, ఏ డాక్టరైనా ఒక్క మాట చెప్పాడా అని అరిచాను. తర్వాత ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఇరవై ఆరేళ్ళు మాటలు పడింది, పిచ్చిది.

ఫిబ్రవరి 18

అమ్మ పేరు రాసిన ఫారానికి రుజువు కావాలి. డాక్టరు చీటీ, లేకపోతే అప్పుడు ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళ సాక్ష్యం. చీటీ లేదు. బాపు పోయి ఆరేళ్ళు. మిగిలింది నాయనమ్మ. అత్త ముందర నా ఇజ్జత్ తియ్యకు, చింపెయ్ అంది అమ్మ. చింపలేదు.

ఫిబ్రవరి 22

సంచిలో ఏం కాయితమే అది అని నాయనమ్మే అడిగింది. అమ్మ వైపు చూశాను. వద్దంటుందనుకున్నాను. చదువు అన్నట్టు తల ఊపింది. చదివాను. పేరు రామవ్వ. జబ్బు ఫిట్స్.

నాకెరుకే అంది నాయనమ్మ.

పెళ్ళయిన ఏడాదే చూసిందట. కోడలు నేల మీద కొట్టుకుంటుంటే తలుపు మూసి, చేతిలో తాళంచెవి పెట్టి, పక్కనే కూర్చుందట. కళ్ళు తెరిచే వేళకు బిందె పట్టుకుని బయటికి పోయిందట, కొత్త పిల్ల సిగ్గుపడతదని. ఆ తాళంచెవి బాపు పెట్టాడనుకుందట అమ్మ ఇన్నేళ్ళూ. గోలీలు గూడ ఎరుకే, బియ్యం తీసేది నేనే గదా అంది నాయనమ్మ.

మరి గ్రహణమని గల్లీ అంతా ఎందుకు చాటావని గొడవకు దిగాను. గట్ల చెప్పకుంటే దీన్ని సాంచాల కాడికి ఎవడు రానిస్తుండె, నన్ను గయ్యాళి అనుకుంటె అనుకోని అంది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నాయనమ్మ మొహం చూడటానికి సిగ్గేసింది.

సాక్షి ఆగమ్మ అని నేను రాసిన చోట నాయనమ్మ వేలిముద్ర వేసింది. చెరిగిపోకుండా ఊదాను.

ఫిబ్రవరి 27

ఫారం ఇచ్చాను. సోమవారం అమ్మను పెద్దాసుపత్రికి రమ్మన్నారు. ఇవాళ ఇళ్ళకు అమ్మ కూడా నా వెంట వచ్చింది. నాకు గూడ ఫిట్స్ ఉన్నయి అని తనే చెప్పింది. ఆ రోజు కొంగు కప్పినామె గోలీల డబ్బా బయటికి తీసింది.

మార్చి 3

గ్రహణం. విడిచేదాకా కదలొద్దని ఇద్దరూ నన్ను పడుకోబెట్టారు. అది అబద్ధమని నాకంటే ముందు వీళ్ళకే తెలుసు కదా అన్నాను. తెలుసు, పండుకో అన్నారు. అమ్మ ఒక పక్క, నాయనమ్మ ఒక పక్క. కత్తెర నాయనమ్మ కొంగున ముడేసుకుంది. పడుకున్నాను.