ఎర్లెండ్‌కి ఇచ్చిన డ్రైసూట్

2016 మార్చి 14, సోమవారం. స్ట్రోమ్‌నెస్

డాక్టర్ కాగితం వచ్చింది. ఇక ఈ జన్మకి నీళ్లలోకి దిగకూడదట.

చల్లటి నీళ్లలో నా ఊపిరితిత్తులు నిండిపోతున్నాయి. పోయిన నెల సముద్రం అడుగున మునిగి ఉన్న జర్మన్ యుద్ధనౌక దగ్గర నుంచి పైకొచ్చి గులాబీ రంగు నురగ కక్కాను. ఎవరికీ చెప్పొద్దని, నాతో కలిసి డైవింగ్ చేసే ఎర్లెండ్ చెయ్యి పట్టుకుని అడిగాను. నీళ్లు మింగానంతే అన్నాను. సరే అన్నాడు. ఒడ్డుకి వచ్చీ రాగానే పడవ నడిపే స్కిప్పర్ లీస్క్‌కి చెప్పేశాడు. డాక్టర్ కాగితం లేకుండా నన్ను పడవ ఎక్కనివ్వనన్నాడు లీస్క్.

ఎర్లెండ్ నా ప్రాణం కాపాడాడని డాక్టర్ అంటాడు. ఒకసారి వెళ్లి థాంక్స్ చెప్పమన్నాడు.

చెప్పలేదు.

మార్చి 27, ఆదివారం

సామానంతా షెడ్‌లో నేల మీద పరిచి కడిగాను. ఇరవై రెండేళ్ల సామాను.

జంట సిలిండర్ల పట్టీ మీద ఇంకా నార్వే మట్టి. కొండల మధ్య ఆ సముద్రపు పాయలో నీళ్లు మూడు డిగ్రీలు. ముప్పై మీటర్ల లోతులో, నోటికి గాలి అందించే నా రెగ్యులేటర్ గడ్డకట్టి, గాలంతా బుసబుసా బయటికి పోయింది. రెండో రెగ్యులేటర్ కూడా అదే దారి పట్టింది. ఎర్లెండ్ తన నోట్లోది తీసి నా నోట్లో పెట్టాడు. పైకి వచ్చేదాకా తొమ్మిది నిమిషాలు. తన స్పేర్‌తో తాను, తన మెయిన్‌తో నేను, కళ్లలోకి కళ్లు పెట్టి చూసుకుంటూ. పైకొచ్చాక ఒక్కటే మాట అన్నాడు. నీ నోటి కంపు నా రెగ్యులేటర్‌కి పట్టిందిరా అన్నాడు.

ఐర్లండ్ ఉత్తర కొనలో పారేసుకుని, మర్నాడు అదే మునిగిన ఓడ డెక్ మీద దొరికిన కత్తి. టార్చ్‌కి పడిన నొక్కు. చేతి గ్లవ్స్ మీద తుప్పు మరకలు, ఎన్నిసార్లు ఉతికినా పోవు.

అన్నీ ఆరబెట్టాను. ఎందుకో తెలీదు.

ఏప్రిల్ 2

పబ్‌లో ఎర్లెండ్ అందరి ముందూ నా భుజం మీద చెయ్యి వేసి, "మా స్టీనీ ఇప్పుడు ఒడ్డు మనిషి. గొర్రెల్ని పెంచుకుంటాడు. గొర్రెలైతే మునగవు కదా!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఏప్రిల్ 9, శనివారం

ఎర్లెండ్ వచ్చి నా డ్రైసూట్ అడిగాడు, చల్లటి నీళ్లలో ఒళ్లు తడవకుండా వేసుకునేది. అమ్మేస్తావా అన్నాడు. ఊరికే తీసుకుపో అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి వాడికి. నువ్వు మనిషివిరా అన్నాడు.

దాని ఛాతీ మీద, సూట్‌లోకి గాలి నింపే బటన్ నవంబర్ నుంచి ఇరుక్కుంటోంది. ఒడ్డు మీద బాగానే ఉంటుంది. లోతుకి వెళ్లి చలి పట్టాకే మొరాయిస్తుంది. నొక్కితే మళ్లీ పైకి రాదు. గాలి వస్తూనే ఉంటుంది. బొటనవేలితో పక్కకి తిప్పితే వదులుతుంది. ఆ కిటుకు నాకొక్కడికే తెలుసు.

చెప్పలేదు. మర్చిపోయి కాదు. ఇది ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తున్నాను. వాడు బెండులా పైకి తేలి, పడవ మీద అందరూ నవ్వితే చాలనుకున్నాను.

ఏప్రిల్ 12, మంగళవారం

రూనా ఫోన్ చేసింది. ఎర్లెండ్ కూతురు. ఇరవై ఆరేళ్లు.

సూట్ ఆమె కోసమట. ట్రైనింగ్ అయిపోయింది. ఇరవై మూడో తారీఖు మొదటిసారి, మునిగిన పెద్ద ఓడ దగ్గరికి, తండ్రితో. సూట్ ఒంటికి అతికినట్టు సరిపోయిందట. ఆరడుగుల మనిషి నా పొట్టి సూట్ ఎందుకు అడుగుతాడు? శనివారమే తట్టాల్సింది నాకు.

ఆమె అడిగింది కూడా. "బాబాయ్, దీంట్లో చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?" అంది. ఇవే మాటలు.

నోరు తెరిచాను. వెనక నుంచి ఎర్లెండ్ గొంతు వినిపించింది. "గొర్రెల కాపరిని అడుగుతున్నావేంటే? నన్నడుగు!" అన్నాడు. రూనా నవ్వింది.

ఏమీ లేదమ్మా, వాడాక ఉప్పు పోయేలా కడుక్కో, అన్నాను.

ఏప్రిల్ 15

ఫోన్ చేశాను. ఎంగేజ్. మళ్లీ చేయలేదు.

ఏప్రిల్ 19, మంగళవారం

చెప్పడానికే వాళ్లింటికి వెళ్లాను. నిజంగా అందుకే వెళ్లాను.

ఎర్లెండ్ వంటింట్లో మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. సూట్‌కి నీళ్లు చొరకుండా కొత్త మణికట్టు సీల్స్ వేశాడు. జిప్‌కి మైనం రాశాడు. బటన్‌కి గ్రీజు పెట్టి పదిసార్లు నొక్కి చూశాడు. పదిసార్లూ పైకి వచ్చింది. "చూశావా, కొత్తదానిలా ఉంది," అన్నాడు. వాళ్లమ్మ పోయాక ఈ పిల్ల నవ్వడం ఇప్పుడే చూస్తున్నానన్నాడు.

ఇప్పుడు చెబితే, పదిరోజుల క్రితం ఎందుకు చెప్పలేదంటాడు. దానికి జవాబు నా దగ్గర లేదు. ఉంది, కానీ అది వాడికి చెప్పేది కాదు.

టీ ఇచ్చాడు. తాగి వచ్చేశాను.

ఏప్రిల్ 22

రేపు గాలి ఎక్కువంటున్నారు. పడవ కదలకపోతే బాగుండు.

ఏప్రిల్ 23, శనివారం. సాయంత్రం 5

గాలి తగ్గిపోయింది.

పొద్దున రేవులో నిలబడ్డాను. రూనా పడవ మీద నుంచి చెయ్యి ఊపింది. నా సూట్‌లో, దూరం నుంచి చూస్తే నాలాగే ఉంది. లీస్క్ తాళ్లు విప్పుతున్నాడు. అరిస్తే వినిపించేంత దూరం.

పదకొండున్నరకి హెలికాప్టర్ శబ్దం విన్నాను.

ఎర్లెండ్ చెప్పింది ఇది. ముప్పై నాలుగు మీటర్లు. ఏడు డిగ్రీలు. రూనా ఓడ ఫిరంగి పక్కన తేలుతూ సూట్‌లోకి కాస్త గాలి వదిలింది. గాలి ఆగలేదు. సూట్ ఉబ్బిపోయింది. సూట్‌కి గాలి తెచ్చే గొట్టం లాగేయాలని ఆమెకి తెలుసు. మందపాటి గ్లవ్స్‌లో మొద్దుబారిన వేళ్లకి గొట్టం దొరకలేదు. ఎర్లెండ్ ఆమె పాదం పట్టుకున్నాడు. ఇరవై మీటర్ల దాకా వేలాడాడు. అప్పుడు ఆమె పాదానికున్న ఈత రెక్క, ఫిన్, ఊడి వాడి చేతిలో ఉండిపోయింది.

ఆమె పైకి దూసుకుపోయింది. వాడు కింద ఉండిపోయాడు, చేతిలో ఫిన్‌తో.

ఇదంతా చెబుతూ ఒక్కసారి కూడా ఏడవలేదు. ఫిన్ ఊడిన చోట మాత్రం ఆగి, నేను స్ట్రాప్ బిగించలేదేమో అన్నాడు.

ఏప్రిల్ 30

అంత వేగంగా పైకొస్తే నెత్తుట్లో గాలి బుడగలు కడతాయి; అవి కరగడానికి రూనాని ప్రెషర్ ఛాంబర్‌లో ఆరుసార్లు పెట్టారు. నడుము కింద స్పర్శ లేదు. గుండుసూది గుచ్చితే ఎవరి కాలో అన్నట్టు చూసిందట.

మే 26

సూట్‌ని పరీక్షకి పంపిన చోటు నుంచి కాగితం వచ్చింది. బటన్ లోపల పాత ఉప్పు, దాని మీద కొత్త గ్రీజు, చలికి రెండూ కలిసి బిగుసుకుపోయాయి. తప్పు ఎవరిదో రాయలేదు.

రాయక్కర్లేకపోయింది. ఎర్లెండ్ "కొత్త గ్రీజు" అన్న చోట వేలు పెట్టాడు. "నా చేత్తోనే పెట్టాను స్టీనీ. నువ్వు చూస్తూనే ఉన్నావు," అన్నాడు.

చూశాను అన్నాను.

నన్ను వాటేసుకున్నాడు. ఊళ్లో అందరూ తన మొహం చూడలేక తల తిప్పుకుంటున్నారట. నువ్వొక్కడివే వస్తున్నావు అన్నాడు.

వాడి వీపు నిమిరాను. నా చెయ్యి వణకలేదు. అది రాసి పెట్టుకోవాలి.

ఆగస్టు 11

రూనా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గర ర్యాంప్ నేనే కట్టాను. లీస్క్ నా వీపు తట్టాడు.

సెప్టెంబర్ 22, గురువారం. మధ్యాహ్నం

చెప్పేశాను.

ఎర్లెండ్‌కి చెబుదామని వెళ్లాను. వాడు మందులకి కిర్క్‌వాల్ ఊరికి వెళ్లాడు. రూనా కిటికీ దగ్గర కుర్చీలో ఉంది. బటన్ సంగతి చెప్పాను. కిటుకు చెప్పాను. నవంబర్ చెప్పాను. పబ్ కూడా చెప్పాను. కూర్చోమనలేదు. నిలబడే చెప్పాను.

అంతా విన్నాక ఒక్కటే అడిగింది. "ఫోన్‌లో నేను అడిగాను కదా. అప్పటికి తెలుసా?"

తెలుసు అన్నాను.

"అప్పటి నుంచి ఎన్ని రోజులు?"

పదకొండు అన్నాను.

ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దుకుంది. వంటింట్లో కెటిల్ మరిగి దానంతటదే ఆగిపోయింది. ఎర్లెండ్‌కి నేనే చెబుతాను, రాగానే చెబుతాను అన్నాను.

"చెప్పవు," అంది.

వాడు తన వల్లే జరిగిందనుకుంటున్నాడమ్మా, తినడం లేదు, అన్నాను.

"అనుకోనీ." గొంతు పెంచలేదు. "నువ్వు చెబితే నాన్న నిన్ను చంపుతాడు. నిజంగానే చంపుతాడు. చంపి జైలుకి పోతాడు. అప్పుడు పొద్దున్నే నన్ను మంచం మీద నుంచి ఎవరు లేపుతారు బాబాయ్, నువ్వా? తప్పు తనదే అనుకునే మనిషి ఇల్లు కదలడు. కోపం వచ్చినవాడు బయటికి పోతాడు. నాకు నాన్న చేతులు కావాలి."

కనీసం నేను ఈ ఊరు వదిలిపోతాను అన్నాను.

"ఎక్కడికీ పోవు. ప్రతి ఆదివారం భోజనానికి ఇక్కడికి వస్తావు. నాన్న వండుతాడు. నాన్నే వడ్డిస్తాడు. నువ్వు తింటావు. ఏ ఆదివారం రాకపోతే, ఆ ఆదివారం నేనే చెబుతాను."

నాకు అరవై రెండేళ్లు. ఎన్ని ఆదివారాలని అడగబోయాను. అప్పటికే మొహం కిటికీ వైపు తిప్పేసింది.

సెప్టెంబర్ 25, ఆదివారం

మటన్, ఆలుగడ్డలు. ఎర్లెండ్ చాలా చిక్కిపోయాడు. నేను వచ్చినందుకు సంతోషపడ్డాడు. తనకేమైనా అయితే రూనాని చూసుకుంటావా అని అడిగాడు. నాకంటే ముందు ఆమే జవాబు చెప్పింది. బాబాయ్ మాట ఇచ్చేశాడు నాన్నా అంది.

కంచం ఖాళీ చేశాను. ఇంకో గరిటె వెయ్యమంది. వేశాడు.

తిన్నాను.