అటు తిరిగి పట్టిన పాలు

లీలావతికి,

నీ పెనిమిటి రాస్తున్నది. నిన్ను పేరు పెట్టి పిలవటం ఇదే మొదలనుకుంటా. కాగితం మీద కాబట్టి ధైర్యం వచ్చింది. ఎదురుగా ఉంటే "ఏమే" అనటానికే గొంతు సవరించుకుంటానని నీకు తెలుసు. ఫోన్ చేద్దామనుకున్నాను. చేస్తే నువ్వు "ఊఁ" అంటావు, నేను "ఊఁ" అంటాను, దాంతో అయిపోద్ది. అందుకని రాసి, మీ అక్కోళ్ళ ఊరు నూజెండ్లకు గుడ్లు వేసుకొచ్చే మన మౌలాలీ ఆటోలో పంపుతున్నాను. వాడు చదవకుండా గమ్ముతో అంటించాను. వాడు చదవడు గాని, చదివానని చెప్పి నవ్వుతాడు.

పాప సంగతి రాస్తాను. నువ్వు మీ అక్క ఇంటికి వెళ్ళాక కూడా భవిత సీసా ముట్టట్లేదు. కోడలు హేమశ్రీకి జ్వరమొచ్చి పాలు ఎండిపోయినప్పుడు మనం ఎంత భయపడ్డాం! డబ్బా పాలు కలిపిస్తే గుటగుటా తాగి మన భయం తీర్చిన పిల్ల. నాలుగో నెల పడిందో లేదో ఏమైందో ఏమో, ఇప్పుడు సీసా కనపడితే చాలు, మొహం తిప్పేసి విల్లులాగా వెనక్కి వంగుతంది. పేట డాక్టరమ్మ చెప్పింది నువ్వూ విన్నావు. నోరు బాగుంది, గొంతు బాగుంది, బరువు మాత్రం కొంచెం తగ్గింది, బలవంతం చేయొద్దు, నిదానంగా ఉన్న చోట పట్టండి, వద్దంటే ఆపెయ్యండి, ఉచ్చ తగ్గినా నీరసంగా పడున్నా వెంటనే తీసుకురండి అంది. ఉచ్చ బాగానే పోస్తంది, ఆ భయం లేదు.

నిదానంగా ఉన్న చోటు మన ఊళ్ళో ఎక్కడుందే? మన దగ్గర అన్నం పెట్టటమంటే ఎదుటి మనిషితో కుస్తీ పట్టటం. వద్దన్నవాడి విస్తట్లో రెండు గరిటెలు ఎక్కువ పడాలి, లేకపోతే మర్యాద జరగనట్టు. పాపకూ అదే మర్యాద. సీసా తీయగానే పక్కింటి ఆసియా గిలక్కాయ పట్టుకొస్తది. మన అబ్బాయి శ్రీహర్ష ఫోన్లో కోతి బొమ్మలు పెడతాడు. నీ మరిది ధనుంజయరావు నిన్న ఏం చేశాడో తెలుసా, పాప ముందు గొంతుక్కూర్చుని ఈల వేశాడు. "ఏంది బాబాయ్ అది?" అని ఆసియా అడిగితే, "ఎద్దులు నీళ్ళు తాగాలంటే ఈల ఎయ్యాలి గదమ్మా, పిల్లదానికెందుకు పనిచెయ్యదు?" అన్నాడు. పాప తాగలేదు. దొడ్లో గేదె మాత్రం తొట్టి దగ్గరికి పోయి నీళ్ళు తాగింది.

నవ్వుతున్నావా? నవ్వొచ్చే సంగతులు అయిపోయినై. ఈసారి తూచినప్పుడు బరువు పెరగకపోతే ల్యాబు ఉద్యోగం మానేస్తానంటంది హేమశ్రీ. ఆ పిల్ల ఆ పనికోసం ఎంత కష్టపడి చదివిందో మనం చూశాం. తెల్లకోటు వేసుకుని బస్సెక్కుతుంటే నువ్వే గదా దిష్టి తీసింది. అబ్బాయితో ఆ మాట చెప్తుంటే నేను వసారాలో ఉండి విన్నాను.

ఇంకో సంగతి. వదినకు కళ్ళ ఆపరేషన్ అని చెప్పి వెళ్ళావు. ఆమె నిక్షేపంగా కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తందని మౌలాలీ చెప్పాడు. ఆ రోజు హేమశ్రీ విసుగులో "మీరు నోట్లో కుక్కబట్టే అత్తయ్యా, తాగట్లా" అన్నది. ఆ మాట నీకు గుచ్చుకుంది. నాకు తెలుసు. ఆ పిల్ల ఆ మాట అని, వెనక్కి తీసుకునే దారి తెలియక తిరుగుతంది. నువ్వేమో ఆ పిల్ల ఫోన్ ఎత్తవు.

రా. ఇంతకంటే రాయటం చేతకాదు.

నీ
సీతారామాంజనేయులు


లీలావతికి, మళ్ళీ నేనే.

జవాబు రాలేదు. మౌలాలీ చేతికి చెక్కలు ఇచ్చి పంపావు. అందులో ఏదన్నా అర్థముందేమోనని చూశాను. కారం ఎక్కువైంది, అంతే.

ఇక్కడ ఒక సంగతి జరిగింది. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నువ్వూ చెప్పమాక.

నిన్న మధ్యాహ్నం శ్రీహర్ష మిరపకాయలు ఎండబోసిన కల్లం కాడ ఉన్నాడు. హేమశ్రీ డ్యూటీకి వెళ్ళింది. పాపను చూసుకోవాల్సిన ఆసియా రేషన్ షాపుకు పోయి రాలేదు. పాప లేచింది. ముందు చిన్నగా, తర్వాత పెద్దగా ఏడ్చింది. నేను పసిపిల్లల్ని ఎత్తుకోవటం నువ్వెప్పుడూ చూడలేదు. ఎత్తుకుంటే ఏదో అవుద్దని కాదు. "చూడండే, ఈయన ఎత్తుకున్నాడు" అని నలుగురూ చేరతారని. అందుకని ముందు తలుపేశాను. హేమశ్రీ చూపించినట్టే చేతులు కడుక్కుని, మరిగించి ఉంచిన సీసాలో పాలు కలిపి, ముంజేతి మీద చుక్క వేసి వేడి చూశాను. పాపను ఒళ్ళో వేసుకుని బస్తాకు ఆనుకుని కూర్చున్నాను.

తర్వాతేం చేయాలో తెలియలేదు. ఆ పిల్ల కళ్ళార్పకుండా చూస్తంది. అట్టా చూస్తే నేనెటు చూడాలి? సిగ్గేసింది లీలావతీ. నవ్వితే నవ్వు, మనవరాలిని చూసి సిగ్గేసింది. మొహం కిటికీ వైపు తిప్పుకుని, బయట పిల్లలకోడి గింజలు ఏరుకోటం చూస్తూ కూర్చున్నాను. సీసా పీక పాప పెదాల దగ్గర ఊరికే ఆనించాను. నోట్లోకి తొయ్యాలనే సంగతి తోచలేదు. కోడి గోడ దాటి పోయింది. అప్పుడు చేతిలో సీసా కదిలింది. కాలవలో గాలం బెండు కదిలినట్టు కదిలింది.

ఊపిరి బిగబట్టాను. కాలు తిమ్మిరెక్కింది, చీమ పాకింది, కదల్లేదు. సగం దాకా తాగి నాలికతో పీకను బయటికి నెట్టింది. వద్దంటే ఆపమంది గదా డాక్టరమ్మ అని తీసేశాను. మూతి తుడుద్దామని అప్పుడు ఇటు తిరిగితే, నవ్వింది. బోసినోరు. నాదీ సగం బోసినోరే.

నీకు ఇన్నేళ్ళూ చెప్పని మాట ఒకటి ఉంది. పెళ్ళయిన కొత్తలో మీ ఇంట్లో మొదటిసారి అన్నానికి కూర్చున్నప్పుడు, ఎదురుగా మీ అమ్మ, పక్కన మీ పిన్నమ్మలు, తలుపు సందుల్లో నీ ఈడు పిల్లలు. గారె సగం తినేలోగా ఇంకో గారె. "ఏందల్లుడూ, మా వంట నచ్చలా?" అని మీ మేనత్త. కడుపు కాలిపోతంది, ముద్ద మాత్రం గొంతు దిగట్లేదు. నెయ్యి వేసిన అన్నం అట్టా వదిలేసి చెయ్యి కడుక్కుని, చెంబు పట్టుకుని చేలల్లోకి పోయి పచ్చి కందికాయలు వలుచుకుని తిన్నాను. అల్లుడు తిండి తక్కువ మనిషని మీ ఊళ్ళో పేరొచ్చింది. అయ్యో, నేనా!

పాపకు ఆకలి లేక కాదే. మొదట ఎప్పుడో కడుపు నిండి వద్దంది. మనం వినకుండా మళ్ళీ మళ్ళీ పెట్టాం. ఇంతమందిమి మీద పడేసరికి సీసా చూస్తేనే బెదురు పట్టుకుంది. నా మనవరాలు.

ఇంతవరకు బాగుంది. సాయంత్రం హేమశ్రీ వచ్చి సీసా చూసి, "ఎవరు పట్టారు మామయ్యా?" అంది. నా నోటెంట "ఆసియా" అని వచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు. ఆ పిల్ల మొహం దీపంలాగా వెలిగింది. ఇంక నిజం ఎట్టా చెప్పేది?

సలహా రాసి పంపు. చెక్కలు వద్దు.

నీ
సీతారామాంజనేయులు


లీలావతికి,

పరువు పోయింది. అయినా సంతోషంగా ఉన్నాను. మొదటినుంచీ చెప్తాను.

ఆదివారం పొద్దున హేమశ్రీ కొత్త జాకెట్టు ముక్క తీసి ఆసియా చేతిలో పెట్టింది. "ఏందే ఇది?" అంటే, "నీ చేతి చలవక్కా. ఈరోజు అందరం చూస్తాం, నువ్వే పట్టు" అంది. ఆసియాకు ఏమీ అర్థం కాలేదు. జాకెట్టు ముక్క రంగు మాత్రం నచ్చినట్టుంది, కూర్చుంది. మన వీధి వీధంతా వసారాలో చేరింది. ధనుంజయరావుకైతే కుర్చీ కూడా వేశారు. ఆసియా సీసా ఎత్తిందో లేదో పాప విల్లులాగా వంగి గుక్క పట్టింది.

"ఏమ్మా ఆసియా, మొన్న సగం తాగిందంటివి గదా?" అన్నాడు ధనుంజయరావు.

"నేనా? నేనెప్పుడన్నాను? మొన్న రేషన్ కాడ వేలిముద్ర పడక పొద్దుగూకిందాకా నిలబడ్డా. మీ బియ్యం కూడా నేనే తెచ్చా గద బాబాయ్!"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. హేమశ్రీ కూర్చున్న చోటే కూలబడినట్టయింది. తాగిందన్నది కూడా అబద్ధమే అనుకుంది పాపం. ఒళ్ళో ఫోన్ ఉంది. మానేస్తున్నానని ల్యాబు ఓనరుకు మెసేజ్ రాసి పెట్టుకుంది, నొక్కటమే తరువాయి. నొక్కటానికి వేలు పెట్టింది. నేను చూశాను.

"నేనే పట్టా" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అన్నాను, ఈసారి గట్టిగా వచ్చింది.

"నువ్వా బాబాయ్!" అని ఆసియా నోరు తెరిచింది. "మరి నా పేరెందుకు చెప్పావు?"

"సిగ్గేసి."

ఇంక చూడు. ఆసియా కొంగు నోట్లో కుక్కుకుంది. ధనుంజయరావు కుర్చీతో సహా వెనక్కి పడబోతే శ్రీహర్ష పట్టుకున్నాడు. ఆ నవ్వులకు పాప హడలిపోయి కెవ్వున ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నాకేమైందో తెలియదు.

"నవ్వు తర్వాత! అందరూ బయటికి నడవండి!" అని అరిచాను. నేనే. ఆ గొంతు నాదేనా అని నేనే చూసుకున్నాను.

"నేను కూడానా అన్నయ్యా?" అన్నాడు ధనుంజయరావు.

"నువ్వు ముందు. నీ ఈల కూడా తీసుకుపో."

వసారా ఖాళీ అయింది. హేమశ్రీని గదిలో కూర్చోబెట్టి, "అమ్మా, సీసా పెదాలకు ఆనించి నువ్వు గోడ వంక చూడు. తాగిందా లేదా అని చూడమాక. తాగితే తాగుద్ది, లేకపోతే తీసెయ్యి" అని చెప్పి, నేనూ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశాను.

మొదటిసారి నాలుగు గుక్కలే తాగింది. రెండోసారి అసలు ముట్టలేదు. హేమశ్రీ ఏడుపు మొహంతో బయటికొస్తే, "సీసా పక్కన పెట్టి ఆడించుకో" అన్నాను. మర్నాడు కొంచెం పెరిగింది, ఆ మర్నాడు తగ్గింది. ఒక్కరోజులో అయిపోలేదు లీలావతీ. తర్వాత ఒక పొద్దున గదిలోంచి హేమశ్రీ నవ్వు వినపడింది. పాపే రెండు చేతులూ చాపి సీసా లాక్కుందంట.

నిన్న పేట తీసుకెళ్ళి తూచారు. బరువు పెరిగింది. "నేను మొదట చెప్పింది ఇదే గదమ్మా" అందంట డాక్టరమ్మ. "మా ఇంట్లో అది చెప్పినంత తేలిక కాదు మేడం" అందంట హేమశ్రీ. మెసేజ్ తీసేసింది. ఇయ్యాల తెల్లకోటు ఉతికి దండెం మీద వేసుకుంది.

కోటు ఆరేస్తూ, "మామయ్యా, అత్తయ్య ఇంక రారా?" అంది. నేను లోపలికొచ్చి ఈ కాగితం తీశాను.

నువ్వు రాకపోతే నేనే వస్తాను. మీవాళ్ళందరి మధ్యా కూర్చుని, ఎంత వడ్డిస్తే అంతా తింటాను. అంతకు తెగించాను.

నీ
సీతారామాంజనేయులు


గదిలో ఉన్న లీలావతికి,

వసారాలోంచి రాస్తున్నాను. నీకూ నాకూ మధ్య తలుపొకటే అడ్డం. మాట్లాడితే పాప తాగటం ఆపుద్దని కాగితం తీశాను.

పొద్దున నువ్వు చెప్పాపెట్టకుండా మౌలాలీ ఆటోలో, గుడ్ల అట్టల మధ్యన దిగుతావని ఎవరనుకున్నారు? హేమశ్రీ పరిగెత్తుకొచ్చి "అత్తయ్యా, ఆ రోజు నేను" అని మొదలుపెట్టి ఏడుపు మింగుతుంటే, నువ్వు సంచి కింద పెట్టి అన్నావు చూడు, "ఏందే ఆ ఏడుపు? నీ మీద అలిగి పోయాననుకున్నావా? డాక్టరమ్మ బలవంతం వద్దంది. ఇంట్లో ఉంటే నా చెయ్యి ఊరుకుంటదా? సీసా నిండుగా కనపడితే నా ప్రాణం ఆగదు. కుక్కుతా. అందుకని నన్ను నేనే తీసుకుపోయి అక్క గుమ్మానికి కట్టేసుకున్నా. ఫోన్ ఎత్తితే 'తాగిందా' అని అరుస్తానని అది కూడా ఎత్తలా" అని.

లేని కోపాన్ని తీర్చటానికి నేను మూడు ఉత్తరాలు రాశాను. పిల్ల మీద ప్రేమతో పిల్లకు దూరంగా పోయిన మనిషిని పట్టుకుని, అలిగిందనుకున్నాను. ఆ మాటకు హేమశ్రీ నిన్ను వాటేసుకుంది. మౌలాలీ కూడా కళ్ళు తుడుచుకున్నాడు, గుడ్డు పగిలి కంట్లో పడిందన్నాడు.

ఇప్పుడు హేమశ్రీ తనే సీసా నీ చేతికిచ్చి, తలుపేసి, తెల్లకోటు వేసుకుని బస్సుకు పోయింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నువ్వు గాజులు చప్పుడవకుండా మోచేతి దాకా ఎగదోసుకుని లోపలికి వెళ్ళటం చూశాను. భయపడమాక. తాగకపోయినా ఏమీ కాదు, కాసేపాగి మళ్ళీ పట్టొచ్చు. ధనుంజయరావు వస్తే చేత్తోనే వెనక్కి పంపాను. మెట్ల మీద ఆసియా కాపలా ఉంది.

చానాసేపటి నుంచి లోపల చప్పుడు లేదు. ఇప్పుడే చిన్నగా గుటక వినపడింది. ఇంకొకటి. నువ్వు కూడా విని ఉంటావు. గోడ వంక తిరిగి నువ్వు నవ్వుతూనో ఏడుస్తూనో ఉంటావు, నాకు ఇక్కడికి తెలుస్తానే ఉంది.

నువ్వు లేని ఇన్నాళ్ళూ నాకెట్టా ఉందో రాద్దామని ఈ కాగితం మొదలుపెట్టాను. రాసి తలుపు కిందనుంచి తోద్దామనుకున్నాను. వద్దులే. వీధంతా వినేట్టు అరిచినవాణ్ణి, నా పెళ్ళాంతో ఒక మాట నోటితో చెప్పలేనా? పాప చాలన్నాక బయటికి రా. గుమ్మంలోనే ఉన్నాను. నీ మొహంలోకి చూసి చెప్తాను.

నీ పెనిమిటి